యంత్రం వేరు – అనుమతి వేరు

ప్రక్రియ : వ్యాసం
ఇతివృత్తం : విజ్ఞానం, చట్టం, పౌర బాధ్యత

ఉద్దేశం

నేటి విద్యార్థి జీవితంలో కంప్యూటరు పుస్తకంతో సమానమైన స్థానాన్ని పొందింది. కొత్త కంప్యూటరు కొనే స్తోమత లేని కుటుంబాలకు పాత కంప్యూటరే ఆధారం. అటువంటి కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిరిగి స్థాపించుకొనేటప్పుడు పాటించవలసిన నియమాలను, వాటి వెనుక ఉన్న న్యాయసూత్రాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

పాత స్కూటరు కొనదలచిన వ్యక్తి మొదట ఇంజను చప్పుడు వింటాడు. తరువాత చక్రాలు చూస్తాడు. బేరం కుదిరాక, డబ్బు లెక్కపెట్టే ముందు ఒక ప్రశ్న తప్పక వేస్తాడు. "ఆర్.సి. పుస్తకం ఏది?" అన్నదే ఆ ప్రశ్న. ఇల్లు కొనేవారు దస్తావేజులు చూస్తారు. పొలం కొనేవారు పట్టాదారు పాసుపుస్తకం చూస్తారు. వస్తువు చేతికి వచ్చినంత మాత్రాన దానిపై హక్కు రాదని మన పెద్దలకు అనుభవం నేర్పిన పాఠం.

అదే వ్యక్తి తన పిల్లల చదువు కోసం పాత కంప్యూటరు కొనడానికి వెళ్ళినప్పుడు మాత్రం ఈ జాగ్రత్త మరచిపోతాడు. తెర బాగుందా, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది అని అడుగుతాడు. చివరికి "విండోస్ వేసి ఇస్తారా?" అంటాడు. "వేసి ఇస్తాం సార్, అందరికీ అలాగే ఇస్తున్నాం" అని దుకాణదారు చెప్పిన మాటతో తృప్తిపడి ఇంటికి వస్తాడు. వేయడం వేరు, వేసే హక్కు ఉండడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న భేదాన్ని గుర్తించడమే మన నేటి పాఠం.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటరులోని అన్ని భాగాలను సమన్వయపరచి, మనం ఇచ్చే ఆదేశాలను యంత్రానికి అందజేసే మూల సాఫ్ట్‌వేరు. దీనిని తెలుగులో నిర్వహణ వ్యవస్థ అంటున్నారు. మైక్రోసాఫ్ట్ సంస్థ వారి విండోస్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వర్గానికి చెందిన లినక్స్ ఇందుకు ఉదాహరణలు. చేతులు మారిన కంప్యూటరులో దీనిని తుడిచివేసి మళ్ళీ స్థాపించడం మంచి అలవాటు. పాత యజమాని ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, సంకేతపదాలు అందులో మిగిలి ఉండవచ్చు. వైరస్‌లు దాగి ఉండవచ్చు. కనుక తిరిగి స్థాపించడం తప్పు కాదు, అవసరం. అయితే ఏ అనుమతితో స్థాపిస్తున్నాం అనేదే ప్రశ్న.

డిస్కు – లైసెన్సు

మనం ఒక నవలను కొన్నామనుకుందాం. దానిని చదువుకోవచ్చు, స్నేహితునికి ఇవ్వవచ్చు, పాత పుస్తకాల దుకాణంలో అమ్మవచ్చు. కాని దానిని అచ్చు వేయించి అమ్మే హక్కు మనకు లేదు. కాగితం మనది, రచన రచయితది. సాఫ్ట్‌వేరు విషయంలో ఈ భేదం మరింత సూక్ష్మమైనది. పుస్తకాన్ని చదవడానికి నకలు తీయనక్కరలేదు. సాఫ్ట్‌వేరును వాడాలంటే మాత్రం డిస్కు నుండి కంప్యూటరులోకి దాని నకలు చేరవలసిందే. అంటే, వాడుకలోనే నకలు తీయడం ఇమిడి ఉంది. అందువల్ల సాఫ్ట్‌వేరు యజమాని "ఈ షరతులకు లోబడి, ఇన్ని యంత్రాలలో వాడుకోవచ్చు" అని ఇచ్చే అనుమతి అవసరమవుతుంది. ఆ అనుమతినే లైసెన్సు అంటారు.

విద్యార్థులకు సుపరిచితమైన బస్సు పాసును ఉదాహరణగా తీసుకుందాం. బస్సు అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా ఎక్కవచ్చు. కాని ప్రయాణించే హక్కును ఇచ్చేది పాసు. ఆ పాసు ఒక విద్యార్థి పేరు మీద, అతని ఫొటోతో, ఒక మార్గానికి మాత్రమే చెల్లుతుంది. పాసును జిరాక్సు తీసి తమ్మునికి ఇస్తే కండక్టరు అంగీకరించడు. డిస్కు బస్సు వంటిది; లైసెన్సు పాసు వంటిది. విండోస్‌ను స్థాపించడానికి కావలసిన ఫైళ్ళను మైక్రోసాఫ్ట్ సంస్థే తన వెబ్‌సైటులో ఉచితంగా అందిస్తున్నది. అంతమాత్రాన విండోస్ ఉచితమని భావించరాదు. బస్సు తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన టిక్కెట్టు అక్కరలేదని ఎవరూ అనరు కదా!

మన చట్టం

మన దేశంలో రచనలపై హక్కులను కాపాడేది 1957 నాటి కాపీరైటు చట్టం. తెలుగులో దీనిని గ్రంథస్వామ్య చట్టం అని కూడా అంటారు. ఈ చట్టం వచ్చినప్పుడు కంప్యూటర్లు సామాన్యులకు తెలియవు. 1984లో చేసిన సవరణ ద్వారా కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్య రచనల నిర్వచనంలో చేర్చారు. అంటే చట్టం దృష్టిలో ఒక కావ్యం, ఒక కంప్యూటరు ప్రోగ్రాము ఒకే వర్గానికి చెందినవి. 1994లో మరింత విపులమైన సవరణ జరిగింది.

ఈ చట్టంలోని రెండు నిబంధనలు మనకు ముఖ్యమైనవి. మొదటిది 52వ సెక్షనులో ఉంది. ప్రోగ్రాము ప్రతిని న్యాయబద్ధంగా కలిగి ఉన్న వ్యక్తి, అది ఏ ప్రయోజనం కోసం ఇవ్వబడిందో ఆ ప్రయోజనానికి వాడుకోవడం కోసం నకలు తీసుకోవచ్చు. పోవడం, పాడైపోవడం వంటి నష్టాల నుండి తాత్కాలిక రక్షణగా అదనపు ప్రతిని కూడా ఉంచుకోవచ్చు. ఇది వినియోగదారునికి చట్టం ఇచ్చిన వరం. అయితే "న్యాయబద్ధంగా కలిగి ఉన్న" అనే మాటను విస్మరించరాదు. అనుమతి లేని ప్రతికి ఈ రక్షణ లేదు.

రెండవది 63-బి సెక్షను. అక్రమ ప్రతి అని తెలిసి కూడా ఒక ప్రోగ్రామును కంప్యూటరులో ఉపయోగించిన వ్యక్తికి 7 రోజులకు తగ్గకుండా 3 సంవత్సరాల వరకు జైలుశిక్షను, 50 వేల రూపాయలకు తగ్గకుండా 2 లక్షల రూపాయల వరకు జరిమానాను ఈ సెక్షను విధిస్తున్నది. లాభం కోసం గాని, వ్యాపారంలో గాని వాడని సందర్భంలో, తగిన ప్రత్యేక కారణాలను తీర్పులో పేర్కొని, న్యాయస్థానం జైలుశిక్షను మినహాయించి 50 వేల రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. ఇక్కడ "తెలిసి" అన్న మాటకు విలువ ఎక్కువ. అమాయకంగా మోసపోయినవానిని, తెలిసి చేసినవానిని చట్టం ఒకే గాటన కట్టదు. ఈ పాఠం చదివిన తరువాత మాత్రం "నాకు తెలియదు" అనడం మనకు కొంచెం కష్టమే!

సాఫ్ట్‌వేరు వస్తువా, హక్కా అనే చర్చకు తెలుగునేలతో కూడా సంబంధం ఉంది. డిస్కులలో అమ్మే సాఫ్ట్‌వేరుపై అమ్మకపు పన్ను విధించవచ్చా అన్న విషయంలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య వివాదం చెలరేగింది. అది సర్వోన్నత న్యాయస్థానం వరకు వెళ్ళింది. డిస్కు వంటి మాధ్యమంలో నిక్షిప్తమై అంగడికి వచ్చే సాఫ్ట్‌వేరు కూడా సరుకేనని, దానిపై పన్ను చెల్లించవలసిందేనని 2004లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆదాయపు పన్నుకు సంబంధించిన మరొక వివాదంలో 2021లో అదే న్యాయస్థానం, సాఫ్ట్‌వేరు ప్రతిని కొన్న అంతిమ వినియోగదారునికి దానిని వాడుకొనే అవకాశం లభిస్తుందే గాని గ్రంథస్వామ్యంలో భాగం లభించదని స్పష్టం చేసింది. రెండు తీర్పులూ పన్నులకు సంబంధించినవే అయినా వాటిని కలిపి చదివితే మనకు ఒక సూత్రం బోధపడుతుంది. ప్రతి సరుకే, కాని ప్రతిని కొన్నవాడు రచనకు యజమాని కాడు.

అనుమతులలో రకాలు

విండోస్ లైసెన్సులు ముఖ్యంగా మూడు రకాలు. పాత కంప్యూటరు కొనేవారు ఈ మూడింటి తేడాను తెలుసుకోవాలి.

మొదటిది యంత్రంతో పాటు వచ్చే లైసెన్సు. కంప్యూటరు తయారీదారు దానిని కర్మాగారంలోనే అమర్చి పంపుతాడు. దీనిని ఓ.ఈ.ఎం. లైసెన్సు అంటారు. ఇది ఆ యంత్రంతో పుట్టి ఆ యంత్రంతోనే గతిస్తుంది. యంత్రాన్ని అమ్మితే దానితో పాటు కొత్త యజమానికి చేరుతుంది. దానిని విడదీసి మరొక యంత్రానికి తగిలించడానికి వీలులేదు. హార్డ్ డిస్కును, మెమరీని మార్చినా ఈ లైసెన్సుకు భంగం లేదు. మదర్‌బోర్డు చెడిపోయి తయారీదారు దానికి బదులు మరొకటి అమర్చినా లైసెన్సు నిలుస్తుంది. మరింత శక్తిమంతమైన మదర్‌బోర్డు కావాలని యజమాని తానే మార్చుకుంటే అది కొత్త కంప్యూటరుగా పరిగణింపబడుతుంది. కొత్త లైసెన్సు అవసరమవుతుంది.

రెండవది దుకాణంలో విడిగా కొనే లైసెన్సు. దీనిని ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు మార్చుకోవచ్చు. కాని మొదటిదానిలో తొలగించాలి. ఒకే గొడుగు ఇద్దరికి పనికిరావచ్చునేమో గాని, ఒకే లైసెన్సు ఒకే సమయంలో రెండు కంప్యూటర్లకు పనికిరాదు.

మూడవది పెద్ద సంస్థలు తమ వందలాది కంప్యూటర్ల కోసం ఒప్పందం చేసుకొని తీసుకొనే సామూహిక లైసెన్సు. పాత కంప్యూటర్ల అంగడిలో చిక్కులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. కార్యాలయాలు కొన్నేళ్ళకొకసారి తమ ల్యాప్‌టాప్‌లను టోకున అమ్మివేస్తాయి. వాటిలో సామూహిక లైసెన్సుతో స్థాపించిన విండోస్ మిగిలి ఉంటే, ఆ అనుమతి కొనుగోలుదారునికి సంక్రమించదు. అది ఆ సంస్థది. ఇటువంటి విండోస్ సాధారణంగా సంస్థలోని ఒక కేంద్ర కంప్యూటరును సంప్రదించి తన అర్హతను ధ్రువీకరించుకుంటుంది. ఒకసారి పొందిన ధ్రువీకరణ 180 రోజులు మాత్రమే చెల్లుతుంది. కొన్ననాడు నిక్షేపంగా ఉన్న కంప్యూటరు ఆరు నెలల లోపు "ధ్రువీకరించండి" అని మొరపెట్టడానికి కారణం ఇదే. అయితే ఇందులో ఒక ఊరట కూడా ఉంది. ఆ యంత్రం కర్మాగారం నుండి వచ్చినప్పుడు దానికి లభించిన మొదటి రకం లైసెన్సు సాధారణంగా ఆ యంత్రాన్నే అంటిపెట్టుకొని ఉంటుంది. సామూహిక ప్రతిని తొలగించి, యంత్రంతో వచ్చిన రకాన్నే స్థాపించుకుంటే కొనుగోలుదారుడు న్యాయబద్ధుడవుతాడు.

ఆ లైసెన్సు ఉన్నదో లేదో తెలుసుకోవడం ఎలా? 2012కు పూర్వపు యంత్రాలపై ఉత్పత్తి సంకేతంతో కూడిన ప్రామాణిక పత్రం ఒకటి అతికించి ఉండేది. 2012లో విండోస్ 8 వచ్చిన నాటి నుండి తయారీదారులు ఆ సంకేతాన్ని మదర్‌బోర్డులోని చిప్‌లోనే భద్రపరుస్తున్నారు. స్థాపన సమయంలో విండోస్ దానిని తానే చదువుకుంటుంది. 2015లో విండోస్ 10 వచ్చాక, ఒకసారి ధ్రువీకరణ పొందిన యంత్రం వివరాలు మైక్రోసాఫ్ట్ సర్వర్లలో డిజిటల్ లైసెన్సుగా నమోదవుతున్నాయి. అదే యంత్రంలో అదే రకాన్ని ఎన్నిసార్లు తిరిగి స్థాపించినా మళ్ళీ డబ్బు చెల్లించనక్కరలేదు. "అదే రకం" అన్న నియమం ముఖ్యం. హోమ్ రకానికి లైసెన్సు ఉన్న యంత్రంలో ప్రొఫెషనల్ రకాన్ని స్థాపించడం అనుమతి లేని పనే అవుతుంది.

ఇరవై ఎనిమిది వేల డిస్కులు

ఈ నియమాల గుణదోషాలను చర్చించడానికి అమెరికాలో జరిగిన ఒక వ్యాజ్యం చక్కగా ఉపకరిస్తుంది. ఎరిక్ లండ్‌గ్రెన్ ఎలక్ట్రానిక్ వ్యర్థాల పునరుపయోగంలో పేరు పొందిన వ్యక్తి. పారవేసిన భాగాలతో విద్యుత్ కారును నిర్మించి అందరి దృష్టిని ఆకర్షించినవాడు. డెల్ సంస్థ తన కంప్యూటర్లతో పాటు, విండోస్‌ను తిరిగి స్థాపించుకొనేందుకు ఒక డిస్కును ఇచ్చేది. యంత్రం చేతులు మారేసరికి ఆ డిస్కు కనిపించకుండా పోవడం పరిపాటి. డిస్కు లేనందువల్ల మంచి కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరుతున్నాయని లండ్‌గ్రెన్ వాదన. అతడు అటువంటి డిస్కులను సుమారు 28,000 చైనాలో తయారు చేయించాడు. పాత కంప్యూటర్లను బాగుచేసే దుకాణాలకు వాటిని చేర్చాలన్నది ఉద్దేశం. వాటిలో లైసెన్సు సంకేతాలు లేవు. అయితే వాటిపై అసలు డిస్కులపై ఉన్నట్లుగానే డెల్, మైక్రోసాఫ్ట్ పేర్లు, చిహ్నాలు ముద్రింపజేశాడు.

అభియోగాలను అతడు అంగీకరించాడు. మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఆ డిస్కు విలువ ఎంత? శిక్ష ఆ విలువపైనే ఆధారపడి ఉంది. లైసెన్సు లేని డిస్కు విలువ శూన్యమనీ, అందులోని ఫైళ్ళు ఉచితంగానే లభిస్తాయనీ అతని పక్షాన వాదించారు. పాత కంప్యూటర్లను బాగుచేసే నమోదిత వ్యాపారులకు మైక్రోసాఫ్ట్ అప్పట్లో లైసెన్సుతో కూడిన డిస్కును 25 డాలర్లకు అమ్మేది. ఈ నకళ్ళు ఆ అసలు సరుకుకు దాదాపు సమానమైనవని న్యాయస్థానం భావించి ఒక్కొక్కదానికి 25 డాలర్ల చొప్పున 7 లక్షల డాలర్ల విలువ కట్టింది. లండ్‌గ్రెన్‌కు 15 నెలల జైలుశిక్ష, 50 వేల డాలర్ల జరిమానా పడ్డాయి. 2018 ఏప్రిల్‌లో పై న్యాయస్థానం ఆ శిక్షను సమర్థించింది.

ఈ తీర్పుపై భిన్నాభిప్రాయాలు వెల్లువెత్తాయి. వ్యర్థాలను తగ్గించదలచినవానికి ఇంత శిక్షా అని కొందరు ప్రశ్నించారు. అసలు వస్తువని భ్రమింపజేసే చిహ్నాలు ముద్రించడం మోసం కాదా అని మరికొందరు ప్రశ్నించారు. రెండు ప్రశ్నలూ ఆలోచింపదగినవే. డిస్కు వేరు, లైసెన్సు వేరు అని మనం ఇంతవరకు చెప్పుకున్నాం. ఆ భేదాన్నే ఆధారం చేసుకొని లండ్‌గ్రెన్ పక్షం వాదించింది. న్యాయస్థానం మాత్రం ఆ భేదం కంటే నకలు చేసిన తీరుకు ప్రాధాన్యమిచ్చింది. సదుద్దేశం ఒక్కటే మనిషిని రక్షించదు. వెళ్ళే దారి కూడా సక్రమమైనది కావాలి.

దేశానికొక న్యాయం

పాత సాఫ్ట్‌వేరు క్రయవిక్రయాల విషయంలో అన్ని దేశాలదీ ఒకే మాట కాదు. అమెరికాలోని ఒక అప్పీలు న్యాయస్థానం 2010లో ఆటోడెస్క్ సంస్థకు సంబంధించిన వివాదంలో, షరతులతో లైసెన్సు పొందినవాడు ఆ ప్రతికి యజమాని కాడని, కనుక దానిని తిరిగి అమ్మే హక్కు అతనికి లేదని తీర్పు చెప్పింది. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఇందుకు భిన్నమైన మార్గాన్ని అనుసరించింది. ఒరాకిల్, యూజ్డ్‌సాఫ్ట్ సంస్థల వివాదంలో 2012లో తీర్పు చెబుతూ, డబ్బు చెల్లించి కాలపరిమితి లేకుండా పొందిన లైసెన్సును తిరిగి అమ్ముకోవచ్చని ప్రకటించింది. అమ్మినవాడు తన కంప్యూటరులోని ప్రతిని వాడకానికి వీలులేకుండా చేయాలని షరతు విధించింది. అయితే అసలు డిస్కు పాడైనా, పోయినా, దానికి బదులు ముందుజాగ్రత్తగా తీసుకున్న నకలును అమ్మరాదని 2016లో లాట్వియా దేశపు వివాదంలో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. నియమాలు భిన్నమైనా ఒక విషయంలో ఏకాభిప్రాయం కనిపిస్తుంది. ఒక అనుమతి రెండు అనుమతులుగా పెరగరాదు.

స్వేచ్ఛా మార్గం

లైసెన్సు లేని పాత కంప్యూటరు చేతికి వచ్చిన విద్యార్థి ఏం చేయాలి? డబ్బుంటే లైసెన్సు కొనవచ్చు. పాత కంప్యూటర్లను బాగుచేసి అమ్మే అధీకృత వ్యాపారుల ద్వారా తక్కువ ధరకు కొత్త లైసెన్సుతో కూడిన యంత్రాన్ని పొందవచ్చు. డబ్బు లేనివారికి కూడా తలవంచుకోనక్కరలేని మరొక మార్గం ఉంది.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా దేశపు ప్రోగ్రామరు గ్నూ అనే పథకాన్ని ప్రకటించాడు. సాఫ్ట్‌వేరును వాడడానికి, పరిశీలించడానికి, మార్చడానికి, ఇతరులకు పంచడానికి అందరికీ స్వేచ్ఛ ఉండాలన్నది ఆయన ఆశయం. ఆ స్వేచ్ఛను కాపాడేందుకు 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సును రూపొందించాడు. 1991లో ఫిన్లాండులో విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌కు మూలమైన కెర్నల్‌ను రచించి లోకానికి అందించాడు. మరుసటి సంవత్సరం దానిని జి.పి.ఎల్. కిందికి తెచ్చాడు. ఆ రెండింటి కలయికతో వెలసిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు నేడు అనేకం ఉన్నాయి. మన దేశంలో సి-డాక్ సంస్థ 'బాస్' అనే లినక్స్‌ను రూపొందించింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కార్యకర్తలు తెలుగులో పలకరించే 'స్వేచ్ఛ' అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీర్చిదిద్దారు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఇటువంటి సాఫ్ట్‌వేరుతోనే కంప్యూటరు విద్యను బోధిస్తున్నాయి.

ఇక్కడ కూడా లైసెన్సు లేదనుకోవడం పొరపాటు. జి.పి.ఎల్. కూడా గ్రంథస్వామ్యంపై ఆధారపడిన లైసెన్సే. మార్చి పంచేవాడు మూల రచనను కూడా అందుబాటులో ఉంచాలని అది నిర్దేశిస్తుంది. అయితే ఇంకో కంప్యూటరులో స్థాపించుకోవద్దని మాత్రం అనదు. ఒక డిస్కుతో కళాశాలలోని కంప్యూటర్లన్నింటిలో స్థాపించుకున్నా అది నేరం కాదు; ఆ లైసెన్సు కోరుకునేది అదే.

ఈ ఎంపికకు నేడు మరింత ప్రాధాన్యం ఏర్పడింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ భద్రతా నవీకరణలు ముగిశాయి. 2021లో వచ్చిన విండోస్ 11 కొన్ని ప్రత్యేక భాగాలు ఉన్న యంత్రాలనే అంగీకరిస్తుంది. తత్ఫలితంగా బాగా పనిచేస్తున్న అనేక కంప్యూటర్లు కార్యాలయాల నుండి తొలగింపబడి అంగడికి వస్తున్నాయి. వాటిని చెత్తగా మార్చితే సీసం వంటి విషపదార్థాలు నేలకు, నీటికి చేరుతాయి. వాటిని తిరిగి వాడుకుంటే ఒక విద్యార్థికి చదువు చేరుతుంది. అందుకే పాత కంప్యూటరు కొనడాన్ని చిన్నతనంగా భావించరాదు. అది పొదుపు, పర్యావరణ సేవ కూడా.

కొనేటప్పుడు మాత్రం నాలుగు ప్రశ్నలు అడగాలి. యంత్రంతో వచ్చిన లైసెన్సు ఏ రకానికి చెందినది? ఇప్పుడు అందులో ఉన్నది అదేనా? మదర్‌బోర్డు ఎప్పుడైనా మార్చారా? బిల్లులో లైసెన్సు విషయం రాసి ఇస్తారా? నాలుగవ ప్రశ్నకు వచ్చే సమాధానమే మొదటి మూడింటి సత్యాన్ని తేల్చుతుంది. "అందరూ అలాగే వాడుతున్నారు" అని దుకాణదారు అనవచ్చు. అందరూ చేస్తున్నారన్నది న్యాయస్థానంలో చెల్లే సమాధానం కాదు. మనస్సాక్షి ముందు అసలే చెల్లదు.

రేపు నేటి విద్యార్థులలో కొందరు ప్రోగ్రాములు రచిస్తారు. తెలుగు యువతకు సాఫ్ట్‌వేరు ఒక జీవనాధారం. ఇతరుల శ్రమను ఉచితంగా దోచుకొనే అలవాటుతో పెరిగినవాడు తన శ్రమకు విలువ కట్టమని లోకాన్ని ఏ ముఖంతో అడగగలడు? తన రచనను తానే లోకానికి పంచిపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు రచయితను గౌరవించడం ఎంత ధర్మమో, పంచనని చెప్పినవాని మాటను మన్నించడం కూడా అంతే ధర్మం. యంత్రం పాతదైనా పరవాలేదు. దానిపై పనిచేసే మనిషి నిజాయితీ మాత్రం ఎప్పటికీ పాతబడరాదు.

కఠిన పదాలు – అర్థాలు

స్తోమత = శక్తి, ఆర్థిక సామర్థ్యం
విస్మరించు = మరచిపోవు
నిక్షిప్తం = లోపల ఉంచబడినది
సంక్రమించు = ఒకరి నుండి మరొకరికి చేరు
వ్యాజ్యం = న్యాయస్థానంలో నడిచే తగవు
అభియోగం = నేరారోపణ
పరిపాటి = మామూలు, వాడుక
అధీకృత = అధికారం పొందిన
నవీకరణ = కొత్తగా మార్చడం, మెరుగుపరచడం

అభ్యాసాలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. విండోస్ లైసెన్సులలోని మూడు రకాలను వివరించి, పాత కంప్యూటరు కొనేవారికి వాటివల్ల కలిగే చిక్కులను తెలపండి.
2. లండ్‌గ్రెన్ వ్యాజ్యంలోని ఇరుపక్షాల వాదాలను పేర్కొని, తీర్పుపై మీ అభిప్రాయాన్ని సకారణంగా రాయండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కాపీరైటు చట్టంలోని 52, 63-బి సెక్షన్ల భావమేమిటి?
2. బస్సు పాసు ఉదాహరణ ద్వారా రచయిత చెప్పదలచినది ఏమిటి?
3. జి.పి.ఎల్. లైసెన్సు ప్రత్యేకతను తెలపండి.

ఇ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్య రచనల నిర్వచనంలో ఏ సంవత్సరంలో చేర్చారు?
2. సామూహిక లైసెన్సు ధ్రువీకరణ ఎన్ని రోజులు చెల్లుతుంది?
3. గ్నూ పథకాన్ని ప్రకటించినవారు ఎవరు?

ఈ) కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "వేయడం వేరు, వేసే హక్కు ఉండడం వేరు."
2. "ఒక అనుమతి రెండు అనుమతులుగా పెరగరాదు."
3. "అందరూ చేస్తున్నారన్నది న్యాయస్థానంలో చెల్లే సమాధానం కాదు."

ఉ) సంధులు
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
సర్వోన్నత = సర్వ + ఉన్నత – గుణ సంధి
పునరుపయోగం = పునః + ఉపయోగం – విసర్గ సంధి
సదుద్దేశం = సత్ + ఉద్దేశం – జశ్త్వ సంధి

ఊ) సమాసాలు
క్రయవిక్రయాలు = క్రయమును, విక్రయమును – ద్వంద్వ సమాసం
గుణదోషాలు = గుణమును, దోషమును – ద్వంద్వ సమాసం
న్యాయసూత్రం = న్యాయము యొక్క సూత్రం – షష్ఠీ తత్పురుష సమాసం
అక్రమ ప్రతి = అక్రమమైన ప్రతి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
మూడు రకాలు = మూడైన రకాలు – ద్విగు సమాసం

ఋ) భాషా కార్యకలాపం
మీ కళాశాలలోని ఒక కంప్యూటరులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నదో, దాని లైసెన్సు ఏ రకానికి చెందినదో అధ్యాపకుల అనుమతితో పరిశీలించి పది వాక్యాలలో నివేదిక రాయండి.